హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్ను శాఖ) నుంచి "ఇక ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ బాకీ లేదు" అన్న కాగితం: ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి

నమస్తే అండి. మీ ప్రశ్న మొత్తం చదివాను. క్లుప్తంగా విషయం ఇదీ: నాన్నగారు 2024 ఫిబ్రవరిలో లండన్ హారోలో పోయారు, అమ్మగారు 2016లోనే పోయారు. వీలునామా ప్రకారం మీరు ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసే వ్యక్తి), ఆస్తి మీకూ గుంటూరులో ఉన్న మీ చెల్లెలికీ చెరి సగం. హారో ఇల్లు 7.2 లక్షల పౌండ్లు, ఇక్కడి డిపాజిట్లు, షేర్లు 3.1 లక్షలు, ఇండియాలో ఫ్లాటు, పొలం కలిపి 1.5 లక్షలు అని చూపించి 72 వేల పౌండ్లు ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ (పోయినవారి ఆస్తి మీద పన్ను) కట్టారు. ప్రొబేట్ వచ్చింది, 2025 మేలో ఇల్లు 7.45 లక్షలకు అమ్మారు. ఇప్పుడు చెల్లెలు తన వాటా అడుగుతోంది, సొలిసిటరేమో క్లియరెన్స్ వచ్చేదాకా ఆగమంటున్నారు. పన్ను కట్టిన రసీదు, ప్రొబేట్ రెండూ చేతిలో ఉండగా ఇంకా ఏ క్లియరెన్స్ అని మీ సందేహం.

మీ సొలిసిటర్ చెప్పింది సరైనదే. ఇంగ్లండులో ప్రొబేట్ పని చేసే ఆఫీసుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను, మన తెలుగు కుటుంబాల ఫైళ్లు కూడా బాగానే చూశాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా మీ మెసేజ్ చివర్లో మామూలుగా రాసేసిన ఒక వాక్యం ఉంది, అసలు చిక్కు అక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

మీ దగ్గరున్న కాగితాల్లో ఏదీ క్లియరెన్స్ కాదు. రసీదు అంటే డబ్బు ముట్టిందని, అంతే. ప్రొబేట్ అంటే నాన్నగారి ఆస్తిని చేతుల్లోకి తీసుకునే అధికారం మీకు ఉందని కోర్టు చెప్పడం. పన్ను సరిగ్గా కట్టారా లేదా అన్నది ప్రొబేట్ రిజిస్ట్రీ పట్టించుకునే విషయం కాదు. హెచ్‌ఎంఆర్‌సీ పంపిన లెక్క కాగితం ఉందన్నారు చూడండి, అది మీరు ఐహెచ్‌టీ400లో (ఈ పన్నుకు ఇచ్చే ప్రధాన లెక్కల ఫారం) రాసిన అంకెల మీద వాళ్లు కట్టిన లెక్క. ఆ అంకెలు నిజమని వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. చాలామంది ఆ కాగితాన్నే చివరి మాట అనుకుని డబ్బు పంచేస్తారు.

క్లియరెన్స్ అనేది 1984 నాటి ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 239 కింద ఇచ్చేది. ఫారం పేరు ఐహెచ్‌టీ30. అది వచ్చాక ఆ మరణం మీద, మీరు చెప్పిన ఆస్తి మీద హెచ్‌ఎంఆర్‌సీ మళ్లీ పన్ను అడగదు. అడగగలిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి కింద చెబుతాను, ఎందుకంటే ఈ కాగితం విలువంతా వాటి మీదే ఆధారపడి ఉంది.

అసలు ఎందుకింత పట్టింపు అంటే, ఎగ్జిక్యూటర్‌గా ఆ పన్నుకు మీరు సొంతంగా బాధ్యులు. ఎస్టేట్ (పోయినవారు వదిలిన ఆస్తి) నుంచి మీ చేతికి ఎంత వచ్చిందో అంత మేరకు. "నా దగ్గర ఇప్పుడేం లేదు, చెల్లెలికి పంపేశాను" అంటే కుదరదు, పంచేయడం మీ నిర్ణయం కాబట్టి. మామూలుగా పన్ను కట్టిన నాలుగేళ్లలోపు వాళ్లు తిరిగి లెక్క తీయవచ్చు, అజాగ్రత్త వల్ల తక్కువ కట్టారని తేలితే ఆరేళ్లు, కావాలని దాచారని తేలితే 20 ఏళ్లు. మీ చెల్లెలు గుంటూరులో ఇల్లు కట్టేశాక ఇక్కడినుంచి ఫోన్ చేసి "అమ్మా, పదివేల పౌండ్లు వెనక్కి పంపు" అని అడగాల్సిన పరిస్థితి ఏ అన్నకూ రాకూడదు. అలా విడిపోయిన అన్నాచెల్లెళ్లను చూశాను, అక్కడ గొడవ డబ్బు కంటే పెద్దదైపోతుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. మొత్తం 11.8 లక్షలు. నాన్నగారి నిల్ రేట్ బ్యాండ్ (పన్ను పడని పరిమితి) 3.25 లక్షలు, అమ్మగారు వాడుకోకుండా మిగిల్చింది ఇంకో 3.25 లక్షలు, ఇల్లు పిల్లలకు వచ్చింది కాబట్టి ఇద్దరివీ రెసిడెన్స్ బ్యాండ్లు (ఇంటికి ఉండే అదనపు పరిమితి) 1.75 చొప్పున 3.5 లక్షలు. మొత్తం 10 లక్షలు పోను 1.8 లక్షల మీద 40 శాతం, 72 వేలు. ఇది బాగానే వేశారు. అమ్మగారు 2017 ఏప్రిల్‌కు ముందే పోయినా ఆవిడ రెసిడెన్స్ బ్యాండ్ తీసుకోవచ్చని కొంతమందికి తెలియదు, మీ సొలిసిటర్ అది వదలలేదు, మంచి పని చేశారు.

ఒకటి గమనించండి. బ్యాండ్లన్నీ వాడేశారు. అంటే ఇక మీదట కొత్తగా బయటపడే ప్రతి పౌండు మీద 40 పెన్నీల పన్ను, పైన వడ్డీ. 20 వేల పౌండ్ల డిపాజిట్ ఒకటి మరిచిపోయారనుకోండి, 8 వేలు కట్టాలి. మీ విషయంలో పన్ను గడువు 2024 ఆగస్టు 31తో అయిపోయింది (పోయిన నెల తర్వాత ఆరో నెలాఖరు), వడ్డీ ఆ మర్నాటినుంచే మొదలవుతుంది. 2025 ఏప్రిల్ 6 నుంచి ఆ వడ్డీ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద 4 శాతం అదనం, అంతకుముందు రెండున్నర ఉండేది. చిన్న విషయం కాదు.

ఇక నేను చెప్పిన ఆ వాక్యం. "2019లో చెల్లి ఇల్లు కొనుక్కుంటుంటే నాన్న 60 వేలు పంపారు, అది వేరే విషయం" అని రాశారు. వేరే విషయం కాదండీ. పోయేముందు ఏడేళ్లలో ఇచ్చిన డబ్బు లెక్కలోకి వస్తుంది, అంటే మీ విషయంలో 2017 ఫిబ్రవరి తర్వాత ఇచ్చినవన్నీ. అది బహుమతులు చూపే ఐహెచ్‌టీ403 ఫారంలో రాశారా లేదా చూడండి. మీరు చెప్పిన అంకెలనుబట్టి రాయలేదనే అనిపిస్తోంది, ఎందుకంటే రాసి ఉంటే పన్ను 72 వేల దగ్గర ఆగదు. ఏడాదికి 3 వేలు మినహాయింపు, అంతకు ముందటి ఏడాదిది వాడకపోతే అదీ కలిపి 6 వేలు. మిగిలిన 54 వేలు నిల్ రేట్ బ్యాండును ముందుగా తినేస్తాయి. ఆ మేరకు ఎస్టేట్‌కు మిగిలే బ్యాండ్ తగ్గుతుంది, అంటే 54 వేల మీద 40 శాతం, 21,600 పౌండ్లు అదనం. "మూడేళ్లు దాటింది కదా, టేపర్ రిలీఫ్ ఉంటుంది కదా" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఏళ్లు గడిచేకొద్దీ పన్ను తగ్గించే ఆ రిలీఫ్ బహుమతి మీద పడే పన్నుకే, బహుమతి బ్యాండును దాటితేనే పనికొస్తుంది. ఇక్కడ బహుమతి మొత్తం బ్యాండులోనే ఉంది కాబట్టి ఒక్క పెన్నీ తగ్గదు. భారం ఎస్టేట్ మీద, అంటే మీ ఇద్దరి మీదా సమానంగా పడుతుంది.

ఇది తేల్చకుండా ఐహెచ్‌టీ30 పంపితే ఏమవుతుంది? కాగితం బహుశా వచ్చేస్తుంది. కానీ ఆ కాగితానికి విలువ ఉండదు. సెక్షన్ 239లోనే ఉంది: మోసం చేసినా, చెప్పాల్సిన ముఖ్య విషయం చెప్పకపోయినా ఆ సర్టిఫికెట్ మిమ్మల్ని కాపాడదు. తర్వాత కొత్త ఆస్తి బయటపడినా దాని మీద పన్ను కట్టాల్సిందే. వీలునామా వాటాలు మార్చుకుంటూ డీడ్ ఆఫ్ వేరియేషన్ రాసుకుని, దానివల్ల పన్ను పెరిగితే అదీ అంతే. అంటే మీరు ఎంత చెప్పారో అంతకే ఈ కాగితం రక్ష. అందుకే ఐహెచ్‌టీ30 నింపడం పది నిమిషాల పని, దానికి ముందు చేసే వెతుకులాటే అసలు పని.

2019 డబ్బు గురించి ఏం చేయాలి: వాళ్లు అడగకముందే మీరే చెప్పండి. సవరణ లెక్క కోసం సీ4 అనే ఫారం ఉంది, సొలిసిటర్ చేత దాన్ని నింపించి, ఎందుకు ముందు రాయలేదో రెండు ముక్కల్లో నిజం రాసి పంపించండి. తగిన జాగ్రత్త తీసుకున్నా జరిగిన పొరపాటు అయితే పెనాల్టీ ఉండదు. అజాగ్రత్త అని తేల్చినా, మనంతట మనం చెప్పినప్పుడు సున్నా దాకా తగ్గించే వీలుంది, వాళ్లు పట్టుకున్నాక చెబితే అదనపు పన్నులో 15 శాతానికి తగ్గదు. నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు ఏడేళ్లవి తెప్పించండి. తెప్పించాక పెద్ద మొత్తాలే కాదు, నెలనెలా ఊరికి పంపినవి కూడా చూడండి. నాన్నగారు పెద్దమ్మగారికి నెలకు ఇంత అని పంపేవారు అన్నారు. అది ఆయన పెన్షన్ ఆదాయంలోంచే, క్రమం తప్పకుండా, ఆయన రోజువారీ బతుకుకు లోటు రాకుండా పంపినదైతే పూర్తి మినహాయింపు ఉంది. ఐహెచ్‌టీ403లోనే ఏడాదివారీగా ఆదాయం, ఖర్చు చూపే పట్టిక ఉంటుంది, అది నింపాలి. పెళ్లికి తండ్రి ఇచ్చిన డబ్బుకు 5 వేల దాకా మినహాయింపు ఉంది. ఇవన్నీ రాబట్టుకోవచ్చు, కానీ చూపించాలి.

ఇండియా ఆస్తుల విషయం ఇంకా లోతైనది. ఎక్కడ ఏముందో తెలియకుండా "అన్నీ చూపించాం" అని సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. ఫ్లాటు, పొలం రాశారు, సరే. ఆ పొలం ఆయన పేరనే ఎంత ఉందో తాజా ఈసీ తీయించండి, అడంగల్, వన్‌బీ కాపీలు మీభూమిలో చూడండి, తెలంగాణలో ఏదైనా ఉంటే భూభారతిలో. ఉమ్మడి ఆస్తి అయితే ఆయన వాటా ఎంతో అంతే ఎస్టేట్‌లోకి వస్తుంది, అన్నదమ్ములది కాదు. విలువ మాత్రం చనిపోయిన రోజున బయట మార్కెట్లో పలికే ధర వేయాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క కాదు. ఇక్కడ ఎంతోమంది ప్రభుత్వ విలువ వేసి వదిలేస్తారు, గుంటూరు చుట్టుపక్కల ఆ రెండిటికీ ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్థానిక వాల్యుయర్‌తో రాతపూర్వకంగా తెప్పించి, ఆ రోజు మారకం రేటుతో పౌండ్లలోకి మార్చండి.

తర్వాత కంటికి కనపడనివి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్లు, పోస్టాఫీసు డిపాజిట్లు, ఎల్‌ఐసీ పాలసీలు, డీమ్యాట్‌లో ఉన్న పాత షేర్లు, చిట్టీలు, ఊళ్లో ఎవరికో ప్రోనోటు మీద ఇచ్చిన అప్పులు. ప్రోనోటు అప్పు వసూలవుతుందా లేదా అన్నది వేరే చర్చ, కానీ అది ఆస్తే, వసూలయ్యే అవకాశాన్నిబట్టి విలువ కట్టి రాయాలి. లాకరులో బంగారం ఉంటే అదీ. అమ్మగారి నగలు ఎవరికి వెళ్లాయన్నది కూడా తేల్చుకోండి: ఆవిడ పోయినప్పుడు నాన్నగారికి వచ్చి ఆయన లాకరులోనే ఉండిపోతే అవి ఆయన ఆస్తి, చెల్లెలికి ఎప్పుడో ఇచ్చేస్తే ఎప్పుడు ఇచ్చారన్నది ముఖ్యం. ఇండియాలో ఉన్నవి ఐహెచ్‌టీ417లో, ఇక్కడి ఇంట్లో ఉన్నవి ఐహెచ్‌టీ407లో. "అక్కడి డిపాజిట్లు వీళ్లకెలా తెలుస్తాయి" అనే ఆలోచన వద్దు. ఆర్థిక ఖాతాల సమాచారం ఇండియా, బ్రిటన్ 2017 నుంచి ఇచ్చిపుచ్చుకుంటున్నాయి.

ఇంకోటి, మనవాళ్లలో తరచుగా కనిపించేది. పొలం ఎప్పుడో తమ్ముడి పేరనో, కొడుకు పేరనో రిజిస్టర్ చేసేసి, కౌలు డబ్బు మాత్రం ఆయనే తీసుకుంటూ ఉంటారు. రిజిస్టర్ చేసి పదేళ్లయినా సరే, అనుభవం ఆయన చేతిలోనే ఉంటే హెచ్‌ఎంఆర్‌సీ దృష్టిలో అది ఆయన ఆస్తే, ఏడేళ్ల లెక్క దానికి మొదలే కాదు. మీ ఇంట్లో అలాంటిది ఉందేమో బాబాయిగారిని అడగండి. అడగడం ఇబ్బందిగా ఉంటుంది, తెలుసు, అయినా అడగాలి.

ఇండియా ఆస్తి మీద ఇక్కడ పన్నేమిటి అని మీరు కొంచెం కోపంగా రాశారు. దానికి సమాధానం నాన్నగారి డొమిసైల్‌లో (చట్టం దృష్టిలో శాశ్వత నివాస దేశం) ఉంది. 2025 ఏప్రిల్ 6కు ముందు జరిగిన మరణాలకు డొమిసైలే లెక్క, ఆ తర్వాత వాటికి గత 20 పన్ను సంవత్సరాల్లో కనీసం 10 ఏళ్లు ఇక్కడ ఉన్నారా అన్న కొత్త నియమం. ఇండియా, బ్రిటన్ మధ్య 1956 నాటి ఎస్టేట్ డ్యూటీ ఒప్పందం ఒకటుంది. ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేసినా ఆ ఒప్పందం ఇప్పటికీ అమల్లో ఉంది. ఇండియన్ చట్టం ప్రకారం ఇండియా డొమిసైల్‌తోనే పోయినవారి విషయంలో, బ్రిటన్ బయట ఉన్న ఆస్తి మీద ఇక్కడ పన్ను వేయకూడదని అది చెబుతుంది. దానికో మెలిక: ఆ ఆస్తి బ్రిటన్ చట్టం ప్రకారం నడిచే వీలునామా ద్వారా వెళ్తే ఆ రక్షణ పోతుంది. అందుకే ఇండియా ఆస్తికి ఇండియన్ చట్టం కింద వేరే వీలునామా రాసుకోమని బతికున్నవాళ్లకు ఎప్పుడూ చెబుతుంటాను.

మీ నాన్నగారి విషయంలో ఇది వర్తిస్తుందా? 1974లో వచ్చారు, ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే ఇల్లు, పోయేదాకా ఇక్కడే. అవి చూస్తే ఇంగ్లండ్ డొమిసైల్ అనే అనిపిస్తుంది, సొలిసిటరూ అలాగే అనుకుని కట్టించారు. అయితే రిటైరయ్యాక శాశ్వతంగా గుంటూరు వెళ్లిపోదామని గట్టి ప్రయత్నాలు చేశారని, ఫ్లాటు అందుకే కొన్నారని రాశారు. ఆ వైపు బలమైన సాక్ష్యం ఉంటే ఐహెచ్‌టీ30 పంపకముందే ఒక స్పెషలిస్టుతో మాట్లాడండి. 1.5 లక్షల మీద 40 శాతం 60 వేలు, దాని వాపసు అడగాలంటే కట్టిన నాలుగేళ్లలోపే అడగాలి. నా అభిప్రాయం అడిగితే, 50 ఏళ్లు ఇక్కడున్న మనిషి విషయంలో గెలవడం కష్టం, ఇంగ్లిష్ వీలునామా ఇండియా ఆస్తినీ కలిపి రాసి ఉంటే ఇంకా కష్టం. కానీ ప్రశ్న వేసుకోకుండా మూసేయకండి.

ఇల్లు 25 వేలు ఎక్కువకు అమ్ముడైంది కదా అని భయపడకండి. పన్నుకు లెక్క చనిపోయిన రోజు విలువే, 15 నెలల తర్వాత పలికిన ధర కాదు. ఆ 7.2 లక్షలకు సర్వేయర్ రిపోర్టు ఉందా, లేక ఎస్టేట్ ఏజెంటు నోటిమాటా అన్నది ముఖ్యం. రిపోర్టు ఉంటే అమ్మిన ధర కూడా చెప్పి, ఇదీ కారణం అని ఒక వాక్యం రాసి పంపండి, హెచ్‌ఎంఆర్‌సీ కావాలంటే వాల్యుయేషన్ ఆఫీసును అడుగుతుంది. ధరలు పడిపోయి నష్టానికి అమ్ముకున్నవాళ్లకు వేరే దారి ఉంది, ఐహెచ్‌టీ38తో తేడా మీద పన్ను వాపసు అడగవచ్చు, మీకది అవసరం లేదు.

ఆ 25 వేల లాభం మీద మాత్రం క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ ఉంటుంది. ఇది చాలామంది మరిచిపోయే సంగతి: ఐహెచ్‌టీ క్లియరెన్స్ వచ్చినా అది ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్‌కు మాత్రమే. నాన్నగారు పోయాక ఎస్టేట్‌కు వచ్చిన వడ్డీ, డివిడెండ్లు, ఇల్లు అమ్మిన లాభం, వీటి లెక్క వేరే. అమ్మకం ఖర్చులు పోను, 3 వేల మినహాయింపు పోను (చనిపోయిన ఏడాది, తర్వాతి రెండేళ్లకు ఎస్టేట్‌కు అది ఉంటుంది, మీరు అమ్మింది చివరి ఏడాదిలో పడింది) మిగిలినదాని మీద 24 శాతం, అమ్మకం పూర్తయిన 60 రోజుల్లో చెప్పి కట్టాలి. కట్టకపోతే వెంటనే చూడండి. పైగా ఒకే పన్ను సంవత్సరంలో 5 లక్షల పౌండ్లకు మించి ఆస్తి అమ్మారు కాబట్టి మీది కాంప్లెక్స్ ఎస్టేట్ కిందకు వస్తుంది. హెచ్‌ఎంఆర్‌సీ వారి ట్రస్ట్ రిజిస్ట్రేషన్ సర్వీస్‌లో నమోదు చేసి రిటర్న్ వేయాలి, నమోదుకు గడువు ఆ పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 5.

ఇప్పుడు ఫారం. ఐహెచ్‌టీ30ని ఎప్పుడు పంపాలంటే: విలువల మీద హెచ్‌ఎంఆర్‌సీతో చర్చలు ఏవీ మిగలకూడదు, సవరణలన్నీ చెప్పేసి ఉండాలి, పన్ను, వడ్డీ పూర్తిగా కట్టి ఉండాలి. ఇల్లు మీద పన్ను పదేళ్ల వాయిదాల్లో కట్టేవాళ్లు అవి పూర్తయ్యాకే పూర్తి క్లియరెన్స్ ఆశించాలి. మీరు ఒకేసారి కట్టారు, ఇల్లు అమ్మేశారు కూడా, ఆ ఇబ్బంది లేదు. తొందరపడి ముందే పంపితే పని రెండుసార్లు అవుతుంది తప్ప లాభం లేదు. ఫారంలో నాన్నగారి పేరు, పోయిన తేదీ, హెచ్‌ఎంఆర్‌సీ ఇచ్చిన రిఫరెన్స్ నంబరు, ఏ ఆస్తికి క్లియరెన్స్ కావాలో రాయడం, సంతకాలు. ఇదివరకు దాని మీదే స్టాంపు వేసి తిరిగి పంపేవాళ్లు, ఇప్పుడు ప్రత్యేక కోడ్ ఉన్న లెటర్ పంపుతున్నారు, "స్టాంపు లేదేంటి" అని కంగారు పడకండి. ఆ లెటర్ ఒరిజినల్ మీ దగ్గరే భద్రంగా పెట్టుకోండి.

ఫారంలో "నోటికి తోచినంత" కాకుండా "వెతికినంత" చెప్పామని చూపడానికి ఒక ఫైలు పెట్టుకోండి: ఎవరెవరిని అడిగారు, ఏ బ్యాంకులకు రాశారు, ఏం జవాబు వచ్చింది, ఈసీ కాపీలు, స్టేట్‌మెంట్లు. ఇది ఊరికే చెప్పడం లేదు. ఎగ్జిక్యూటర్ చేయగలిగినంత విచారణ నిజంగా చేసి, సర్టిఫికెట్ తీసుకుని, ఆస్తి పంచేశాక, ఎవరికీ తెలియని పాత బహుమతి ఒకటి బయటపడితే మామూలుగా ఎగ్జిక్యూటర్ వెంట పడబోమని పన్ను శాఖ 1991లోనే లా సొసైటీకి రాతపూర్వకంగా చెప్పింది. ఆ సడలింపు మీకు దక్కాలంటే మీరు వెతికినట్టు కాగితాలు మాట్లాడాలి. 2019 డబ్బు మీకు తెలుసు కాబట్టి దానికి ఇది వర్తించదు.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట: పన్నే లేని చిన్న ఎస్టేట్ అయితే, అంటే ఐహెచ్‌టీ400 అవసరం పడకుండా ఎక్సెప్టెడ్ ఎస్టేట్‌గా ప్రొబేట్ వచ్చి ఉంటే, ఐహెచ్‌టీ30 పంపకండి. 2022 నుంచి జరిగిన మరణాలకు, ప్రొబేట్ వచ్చిన 60 రోజుల్లోపు హెచ్‌ఎంఆర్‌సీ ఏమీ అడగకపోతే తనంతట తానే క్లియరెన్స్ అయినట్టు. కాకపోతే బ్రిటన్ బయట ఆస్తి లక్ష పౌండ్లు దాటితే మీరు ఆ కోవలోకి రారు, ఇది మన కుటుంబాల్లో తేలిగ్గా దాటిపోయే గీత. హైదరాబాదులో ఒక్క ఫ్లాటు చాలు.

అలాగే ఎగ్జిక్యూటర్లుగా పేర్లు రాయించుకుంటున్నవాళ్లకు: 2027 ఏప్రిల్ 6 తర్వాత పోయినవారి విషయంలో వాడుకోని పెన్షన్ నిధులు కూడా ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ లెక్కలోకి వస్తాయి. క్లియరెన్స్ తీసుకున్నాక ఎక్కడో పాత పెన్షన్ బయటపడితే ఆ పన్ను ఎగ్జిక్యూటర్ మీద పడకుండా చూస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు. అంటే ఈ కాగితం అవసరం ముందు ముందు ఇంకా పెరుగుతుంది.

చెల్లెలి సంగతి. అప్పటిదాకా ఆవిడను పూర్తిగా ఆపేయక్కర్లేదు, అది న్యాయం కూడా కాదు, రెండేళ్లు దగ్గరపడుతున్నా ఏమీ చేతికి రాకపోతే ఎవరికైనా మనసులో ఏదో ఒకటి పడుతుంది. ముందు బయటికి పోయే ప్రమాదం ఉన్నదంతా లెక్కేయండి: 2019 డబ్బుకు 21,600, దాని వడ్డీ, క్యాపిటల్ గెయిన్స్, ఇండియా పొలం విలువ పెరిగితే పడే పన్ను (50 వేలు పెరిగితే 20 వేలు), సొలిసిటర్ ఫీజు, పైన కొంత. మీ దగ్గరైతే 80 వేల పౌండ్లు పక్కన పెడితే నిశ్చింతగా ఉండొచ్చని నా అంచనా. అప్పులవాళ్ల కోసం లండన్ గెజిట్‌లో ప్రకటన ఇచ్చి రెండు నెలలు దాటిందా, ప్రొబేట్ వచ్చి ఆరు నెలలు దాటిందా చూసుకుని, మిగిలినదాంట్లోంచి ఇద్దరూ సమానంగా కొంత తీసుకోండి. మీరు తీసుకోకుండా ఆవిడకే పంపినా, ఆవిడకు పంపకుండా మీరు తీసుకున్నా తర్వాత మాటలు వస్తాయి.

ఆవిడ దగ్గర "పన్ను పడితే నా సగం తిరిగి ఇస్తాను" అని రాయించుకోమని సొలిసిటర్ అంటే అభ్యంతరం పెట్టకండి, కానీ దాన్నే నమ్ముకోకండి. ఇంగ్లండు కాగితం పట్టుకుని గుంటూరు కోర్టులో వసూలు చేయడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు, సొంత చెల్లెలి మీద ఆ పని మీరు చేయరు కూడా. చేతిలో పెట్టుకున్న రిజర్వే మీకు రక్ష. లెక్క మొత్తం ఆవిడకు పంపండి, ఎంత ఎందుకు ఆపారో ఫోన్లో కాకుండా రాసి చెప్పండి, 2019 డబ్బు వల్ల పన్ను పెరుగుతోందన్న సంగతి ఆవిడకు ముందు మీ నుంచే తెలియాలి, సొలిసిటర్ ఈమెయిల్ నుంచి కాదు.

చివరగా ఆవిడ భర్త అడిగారన్న ప్రశ్న: వారసత్వంగా వచ్చిన డబ్బు మీద ఇండియాలో ఆవిడకు ఆదాయపు పన్ను లేదు, ఆ తర్వాత దాని మీద వచ్చే వడ్డీకి మాత్రం ఉంటుంది. బ్యాంకు ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే వీలునామా కాపీ, ప్రొబేట్ కాపీ, మీరు సంతకం పెట్టిన ఎస్టేట్ లెక్కలు చూపిస్తే సరిపోతుంది. క్లియరెన్స్ లెటర్ వచ్చాక దాని కాపీ కూడా ఒకటి పంపి ఉంచండి. ఐహెచ్‌టీ403లో ఆ 60 వేలు ఉన్నాయో లేవో చూసి ఇక్కడే రాయండి, ఉంటే లెక్క వేరేగా కట్టాలి.